డాట్ మాట్రిక్స్ మీద టెక్స్ట్ ఫైళ్లు కుదించి ప్రింట్ చేసే చిన్న ప్రోగ్రామ్ రాశాను, వాడి చూసి చెప్పండి

గోడౌన్‌వీధి_లెక్కలు

అందరికీ నమస్కారం. చెన్నై గోడౌన్ స్ట్రీట్‌లో ఒక హోల్‌సేల్ బట్టల కొట్లో లెక్కలు చూస్తాను. మా కొట్లో ఇప్పటికీ ఫాక్స్‌ప్రో 2.6 అనే డాస్ కాలం డేటాబేస్‌లో రాయించిన పాత ప్యాకేజీయే నడుస్తోంది. బాగానే నడుస్తోంది కాబట్టి మార్చే ఆలోచన ఎవరికీ లేదు. డేబుక్, బాకీల లిస్టు, స్టాకు అన్నీ టెక్స్ట్ ఫైళ్లుగా ఇస్తుంది, మా పెద్దాయన వాటిని కాగితం మీదే చూస్తారు, పక్కన పెన్సిల్‌తో టిక్కులు పెట్టుకుంటారు. స్క్రీన్ మీద చూడమని ఆయనకి చెప్పే ఉద్దేశం నాకు లేదు, ఆయన పద్ధతిలో తప్పులు దొరుకుతాయి.

ఇబ్బందల్లా కాగితంతోనే. 12 అంగుళాల కాగితం మీద అంగుళానికి 6 లైన్ల చొప్పున 72 పడతాయి, పైనా కిందా మార్జిన్ పోతే 66. వెయ్యి లైన్ల డేబుక్‌కి 16 కాగితాలు. అందులో సగం ఖాళీయే, ఎందుకంటే చాలా లైన్లు కాగితం సగం కూడా దాటవు.

అందుకని "చిన్నచ్చు" అని ఒక ప్రోగ్రామ్ సి భాషలో రాశాను, ఈ పోస్టుకి జత చేశాను. ఇది చేసేది ఒక్కటే. టెక్స్ట్ ఫైల్‌ని చదివి, కాలమ్స్‌గా పేర్చి, ప్రింటర్‌కి దాని సొంత కోడ్లు పంపుతుంది. బొమ్మగా మార్చదు, అక్షరాలు అక్షరాలుగానే వెళ్తాయి, అందువల్ల వేగం తగ్గదు.

మూడు మోడ్లు పెట్టాను. లెక్కల మోడ్‌లో అంగుళానికి 17కి కాస్త పైన అక్షరాలు, 8 లైన్లు. 80 కాలమ్ ప్రింటర్ మీద 137 అక్షరాలు పడతాయి కాబట్టి 132 కాలమ్ (అంటే లైనుకి 132 అక్షరాల) రిపోర్టు మొత్తం 10x12 కాగితం మీదే వచ్చేస్తుంది, 15x12 కాగితం, పెద్ద ప్రింటర్ అవసరం లేదు. జంట మోడ్‌లో అంగుళానికి 20 అక్షరాలు, అంటే లైనుకి 160. 78 అక్షరాల కాలమ్స్ రెండు, మధ్యలో 4 ఖాళీ. మార్జిన్లు పోను పేజీకి 90 లైన్లు, రెండు కాలమ్స్ కలిపి 180. వెయ్యి లైన్ల డేబుక్ 6 కాగితాల్లో అయిపోతుంది. మూడోది సగం ఎత్తు మోడ్, సూపర్‌స్క్రిప్ట్ అక్షరాలతో అంగుళానికి 12 లైన్లు, రెండు కాలమ్స్ కలిపి పేజీకి 272 లైన్లు, అదే డేబుక్ 4 కాగితాల్లో.

కోడ్లు తెలిసినవాళ్ల కోసం జంట మోడ్‌లో పంపే వరుస ఇది (అన్నీ దశాంశ సంఖ్యలే):

27 64 – రీసెట్
27 120 0 – డ్రాఫ్ట్
27 48 – అంగుళానికి 8 లైన్లు
27 67 0 12 – పేజీ పొడవు 12 అంగుళాలు
27 77 – అంగుళానికి 12 అక్షరాలు
15 – కండెన్స్‌డ్ (కుదింపు), దీంతో ఆ 12 అక్షరాలు 20 అవుతాయి

చివర 12 (తర్వాతి పేజీకి పోయే కోడ్) పంపి, ఆ తర్వాతే మళ్లీ 27 64. ఈ క్రమం ముఖ్యం. రీసెట్ చేసినప్పుడు హెడ్ ఎక్కడుంటే అదే పేజీ మొదలు అని ప్రింటర్ అనుకుంటుంది, ముందే రీసెట్ చేస్తే తర్వాతి ప్రింటు పేజీ మధ్యలో మొదలవుతుంది.

మీ మీ ప్రింటర్ల మీద నడిపి ఎలా వచ్చిందో చెప్పండి.

పిన్ను_మెకానిక్

అన్నా, రిచీ స్ట్రీట్‌లో ప్రింటర్ సర్వీసు చేస్తాను. మీ ప్రోగ్రామ్ కొట్లో ఉన్న ఎప్సన్ ఎల్‌ఎక్స్-310 మీద, ఒక టీవీఎస్ ప్రింటర్ మీద వేశాను. జంట మోడ్ రెండిట్లోనూ శుభ్రంగా వచ్చింది. చేతులెత్తి దండం పెట్టాలి, ఎందుకంటే నా దగ్గరికి వచ్చే కస్టమర్లలో సగంమంది పెద్ద ప్రింటర్ కొంటామని వస్తారు, వాళ్లకి కావాల్సింది 132 కాలమ్స్ మాత్రమే, అది ఉన్న చిన్న ప్రింటర్‌లోనే ఉందని ఎవరూ చెప్పరు.

కానీ ఒక మాట గట్టిగా చెప్పాలి. సగం ఎత్తు మోడ్‌ని లెక్కలకి వాడొద్దు. చుక్కలు కొట్టే పిన్నులు 9 మాత్రమే ఉన్న హెడ్‌లో అక్షరం ఎత్తే తక్కువ చుక్కలు, దాన్ని ఇంకా కుదిస్తే 3కీ 8కీ తేడా ఒకటి రెండు చుక్కలే. రిబ్బన్ కొత్తదైతే ఇంకు ఎక్కువై 8 లోపలి ఖాళీలు మూసుకుపోతాయి, పాతదైతే 8 ఎడమ పక్క పలచబడి 3లా కనబడుతుంది. హెడ్‌లో ఒక్క పిన్ను పని చేయకపోయినా మామూలు అక్షరంలో సన్నటి తెల్లగీత పడుతుంది, చదువుకోవచ్చు. సగం ఎత్తులో అదే పిన్ను పోతే అక్షరంలో ముఖ్యమైన భాగమే ఎగిరిపోతుంది. పేర్లు ఊహించుకుని చదువుతాం. అంకెల్ని ఊహించకూడదు కదా.

మాధవరం_లారీ

నమస్తే. మాధవరంలో ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో ఉంటాను. మా దగ్గర 24 పిన్నుల పెద్ద ప్రింటర్ ఉంది, 136 కాలమ్స్‌ది. ఎల్‌ఆర్ (లారీ రసీదు) లిస్టు సగం ఎత్తు మోడ్‌లో వేసి చూశాను. మొదటి పేజీ మొదట్లో బాగానే ఉంది, పోనుపోను కిందికి జారింది, చివరి లైన్లు చింపే గీత దాటి రెండో కాగితంలోకి వెళ్లాయి. రెండో పేజీ ఇంకా అధ్వాన్నం. కాగితం తిన్నగానే పెట్టాను, ట్రాక్టర్ పళ్లు కూడా చూశాను. జంట మోడ్‌లో ఈ సమస్య లేదు. ఎందుకంటారు?

గోడౌన్‌వీధి_లెక్కలు

అన్నా, మీరు పిన్నుల ఆప్షన్ 24 అని ఇచ్చారా? ఇవ్వకపోతే ప్రోగ్రామ్ 9 అనుకుంటుంది. మీరు చెప్పిన లక్షణం సరిగ్గా అదే.

27 51 అనే కోడ్ తర్వాత ఇచ్చే సంఖ్య 9 పిన్నుల ప్రింటర్‌లో అంగుళంలో 216వ భాగాల లెక్క, 24 పిన్నులదాంట్లో 180వ భాగాల లెక్క. 9 పిన్నులకి నేను 18 పంపుతాను. 18/216 అంటే అంగుళంలో 12వ వంతు. అదే 18 మీ ప్రింటర్‌కి వెళ్తే 18/180, అంటే 10వ వంతు. మార్జిన్లతో కలిపి ఒక్కో కాలమ్‌కి 144 లైన్ల లెక్కన 12 అంగుళాల్లో అయిపోవాల్సింది 14.4 అంగుళాలు పడుతుంది. అందుకే జారింది. 24 పిన్నులకి 15 పంపాలి, ఆప్షన్ ఇస్తే అదే పంపుతుంది. జంట మోడ్‌లో 27 48 వాడాను కాబట్టి ఏ ప్రింటర్‌లోనైనా అంగుళానికి 8 లైన్లే, అందుకే అక్కడ మీకు తేడా రాలేదు.

మెకానిక్ అన్న చెప్పిన 3-8 సంగతికి నేను పూర్తిగా ఒప్పుకుంటాను. ఆ మోడ్ కోడ్ లిస్టింగులకి, లాగ్ ఫైళ్లకి అని సహాయం తెరలో రాసి పెడతాను.

చిక్కపేట_కోడు

బెంగళూరు నుంచి. పగలు ఆఫీసులో కోడు, సాయంత్రం చిక్కపేటలో నాన్నగారి స్టీలు సామాను కొట్టు. చాలా మంచి పని చేశారు. ఒక సందేహం, ఒక సూచన.

సందేహం ఏంటంటే లైనక్స్‌లో టెక్స్ట్‌ని పేజీలుగా పేర్చే పిఆర్ అనే కమాండ్ ఎప్పటినుంచో ఉంది, రెండు కాలమ్స్, పేజీ పొడవు, వెడల్పు అన్నీ ఇవ్వచ్చు. దాని ముందు కోడ్లు పంపితే సరిపోయేది కదా, విడిగా ప్రోగ్రామ్ ఎందుకు?

సూచన లైన్ చివరల గురించి. లైనక్స్‌లో తయారైన ఫైల్‌లో లైన్ చివర కొత్త లైన్‌కి పోయే కోడ్ 10 ఒక్కటే ఉంటుంది, హెడ్‌ని ఎడమకి తెచ్చే 13 ఉండదు. దాన్ని నేరుగా పంపితే హెడ్ ఎడమకి రాకుండా కాగితం మాత్రం పైకి జరిగి, ప్రింటు మెట్లు మెట్లుగా పడుతుంది. ప్రోగ్రామే 13 కలిపి పంపితే బాగుంటుంది.

గోడౌన్‌వీధి_లెక్కలు

13 ఇప్పటికే కలుపుతోందండి, ఫైల్ ఏ సిస్టమ్ నుంచి వచ్చినా.

పిఆర్ మంచిదే, నేనూ మొదట దాంతోనే ప్రయత్నించాను. కానీ కాలమ్స్ పెట్టినప్పుడు కాలమ్ కంటే పొడవున్న లైన్‌ని అది కోసేస్తుంది. పార్టీ పేరు పొడుగైతే కుడివైపున ఉండే మొత్తమే ఎగిరిపోతుంది, లెక్కల్లో అంతకన్నా ప్రమాదం ఉండదు. ముందు ఫోల్డ్ కమాండ్‌తో విరగ్గొట్టచ్చు, కానీ అది మామూలుగా ఎక్కడపడితే అక్కడ విరుస్తుంది, విరిగిన ముక్క కొత్త పద్దులా కనబడుతుంది. నా ప్రోగ్రామ్ మాట మధ్యలో విరవదు, మిగిలిన ముక్కని నాలుగు ఖాళీలు లోపలికి జరిపి ముందు ఒక చుక్క పెడుతుంది, అది పై లైన్‌కి తోకే అని చూడగానే తెలుస్తుంది. పైగా పిఆర్ మామూలుగా పేజీకి పైన 5 లైన్లు, కింద 5 లైన్లు తీసుకుంటుంది. కాగితం మిగుల్చుకోవడానికే ఇదంతా చేస్తూ 10 లైన్లు వదులుకోవడం నాకు నచ్చలేదు.

ఇంకా కొన్ని చిన్న పనులు చేస్తుంది. ట్యాబుల్ని 8 కాలమ్స్ చొప్పున ఖాళీలుగా విప్పుతుంది, లేకపోతే రెండో కాలమ్ చెదిరిపోతుంది. వరసగా ఎన్ని ఖాళీ లైన్లున్నా ఒక్కటే ఉంచుతుంది. ఫైల్‌లో పేజీ మార్పు గుర్తు వస్తే కొత్త కాగితానికి పోకుండా కొత్త కాలమ్‌కి పోతుంది. లైన్ చివరి ఖాళీలు కత్తిరిస్తుంది. ఇది చూడటానికి చిన్నదే గానీ వేగం దీనివల్లే వస్తుంది, హెడ్ అక్షరం ఉన్నంతవరకే వెళ్లి వెనక్కి తిరుగుతుంది.

పాతకోడు_బాబాయ్

చూసి చాలా సంతోషం వేసింది నాయనా. రిటైరయ్యాను, పెరంబూరులో ఉంటాను. లైన్ ప్రింటర్ల కాలం నుంచి ఈ పనిలో ఉన్నవాణ్ణి.

ఈ 132 అన్న సంఖ్య ఎక్కడిదో మీ తరానికి తెలిసి ఉండకపోవచ్చు. 1959లో ఐబీఎం 1401తో పాటు వచ్చిన 1403 లైన్ ప్రింటర్‌లో 132 దాకా స్థానాలుండేవి. రిపోర్టులన్నీ ఆ వెడల్పుకే రాయడం అలవాటైపోయింది, ఆ మెషిన్లు పోయినా వెడల్పు పోలేదు. డాస్‌లో కూడా మోడ్ కమాండ్‌కి ఎల్‌పిటి1 (ప్రింటర్ పోర్టు పేరు) అని చెప్పి 132, 8 అని ఇస్తే ఎప్సన్ తరహా ప్రింటర్ అదే వెడల్పుకి, అంగుళానికి 8 లైన్లకి మారిపోయేది. నువ్వు లెక్కల మోడ్ అన్నది సరిగ్గా అదే. దాన్ని చాలామంది ఆఫీసుల్లో వాడుకున్నారు, తర్వాత మర్చిపోయారు.

రెండు సంగతులు చూసుకో. మొదటిది, గళ్ల గీతలు. పాత ప్యాకేజీలు బాకీల లిస్టు చుట్టూ గీతలు గీస్తాయి, అవి 128 పైన ఉండే కోడ్లు. ప్రింటర్ ఇటాలిక్ పట్టికలో ఉంటే గీతల బదులు వాలు అక్షరాలు పడతాయి. 27 116 1 పంపితే గీతల పట్టికకి మారుతుంది, నీ వరుసలో అది కనబడలేదు, రీసెట్ తర్వాత పెట్టు. 9 పిన్నులదాంట్లో అంగుళానికి 8 లైన్లు పెడితే ఇంకో లాభం ఉంది, నిలువు గీతలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. తొమ్మిది పిన్నుల ఎత్తు అంగుళంలో సరిగ్గా 8వ వంతు, 6 లైన్లు పెడితే మధ్యలో ఖాళీ మిగిలి గీత తెగినట్టు పడుతుంది.

రెండోది, పేజీ పొడవుని లైన్లలో చెప్పే పద్ధతి కూడా ఉంది, 27 67 తర్వాత లైన్ల సంఖ్య. అది ఆ క్షణంలో ఉన్న లైన్ల దూరాన్ని బట్టి లెక్క కడుతుంది. దూరం తర్వాత మార్చినా పొడవు మారదు. నువ్వు అంగుళాల్లో చెప్పే పద్ధతి తీసుకున్నావు, అదే క్షేమం, ఎవరు చెప్పినా మార్చకు.

గోడౌన్‌వీధి_లెక్కలు

బాబాయ్ గారూ, 27 116 1 ఇప్పుడే పెట్టాను. మా పాత ప్రింటర్ ప్యానెల్‌లో పట్టిక ముందే మార్చి ఉంది కాబట్టి నాకు గీతలు బాగానే వస్తున్నాయి, అందరి దగ్గరా అలా ఉండదు కదా. పనిలో పనిగా 27 79 కూడా పెట్టాను. కొన్ని ప్రింటర్లలో చింపే గీత దగ్గర ఒక అంగుళం వదిలేసే సెట్టింగు ఆన్ చేసి ఉంటుంది, అప్పుడు పేజీలో చివరి 8 లైన్లు తర్వాతి కాగితానికి పోతాయి. ఈ కోడ్ దాన్ని ఆపుతుంది.

అంబత్తూరు_అక్క

నమస్కారం. నేను లెక్కల మనిషిని కాను. మా కాలనీ తెలుగువాళ్లం కలిసి ఒక చిన్న లైబ్రరీ నడుపుతున్నాం, పుస్తకాల జాబితా తెలుగులోనే టైపు చేసి పెట్టాను. ఎవరో ఆఫీసు ఖాళీ చేస్తూ డాట్ మాట్రిక్స్ ప్రింటర్, రెండు పెట్టెల కాగితం మాకు ఇచ్చారు. ఈ ప్రోగ్రామ్‌తో ప్రింట్ చేస్తే అన్నీ పిచ్చి గుర్తులు వచ్చాయి. తెలుగు రావాలంటే ఏం చెయ్యాలి? జాబితా పెద్దది, తక్కువ కాగితాల్లో అయిపోవాలి.

చిక్కపేట_కోడు

అక్కా, ప్రింటర్ లోపల ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాలు, గీతలు, కొన్ని యూరప్ గుర్తులు మాత్రమే. తెలుగు ఫాంటు దాంట్లో లేదు. యూనికోడ్‌లో ఒక్కో తెలుగు గుర్తుకి మూడేసి బైట్లు వెళ్తాయి, ప్రింటర్ ఒక్కో బైటునీ విడివిడిగా తనకి తెలిసిన గుర్తుగా వేస్తుంది, అవే మీకు వచ్చిన పిచ్చి గుర్తులు. తెలుగు రావాలంటే కంప్యూటర్‌లోనే అక్షరాన్ని బొమ్మగా గీసి, 27 42 అనే కోడ్‌తో చుక్కలు చుక్కలుగా పంపాలి. అది ఈ ప్రోగ్రామ్ చేసే పని కాదు.

పాతకోడు_బాబాయ్

అమ్మా, బొమ్మగా పంపినా కుదించడం మాత్రం కుదరదు, ఎందుకో చెప్తాను. 24 పిన్నుల ప్రింటర్‌లో మంచి మోడ్ అంగుళానికి 180 చుక్కలు. హెడ్ ఒకసారి వెళ్తే 24 చుక్కల ఎత్తు పట్టీ పడుతుంది. ఇంగ్లిష్ అక్షరానికి అది ధారాళం. మనకి లక్ష్మి అని రాయాలంటే క మీద గుడి, కింద ష వత్తు, దాని పక్కనో కిందో మ వత్తు. ఆ 24 చుక్కల్లో పైన గుడికి కొంత, కింద వత్తులకి కొంత పోతే అసలు అక్షరానికి మిగిలేది సగం. ప కీ ష కీ మధ్య తేడా ఆ మిగిలిన చుక్కల్లో చూపించాలి. హాయిగా చదవాలంటే రెండు పట్టీలు, 48 చుక్కలు కావాలి, అంటే అంగుళానికి నాలుగు లైన్లు కూడా పడవు. 9 పిన్నులదైతే ఆ మాత్రం కూడా రాదు.

పూర్వం దీనికి వేరే దారి ఉండేది. సి-డాక్ వాళ్ల జిస్ట్ కార్డు అని కంప్యూటర్‌లో పెట్టుకునేవాళ్లం, 1991లో భారతీయ లిపుల కోడ్లకి ఇస్కీ ప్రమాణం కూడా వచ్చింది, డాస్‌లోనే తెలుగు తెర మీదా ప్రింటులోనూ వచ్చేది. ఇప్పుడు దాని జోలికి పోవడం వృథా శ్రమ. జాబితాని లేజర్ ప్రింటర్ ఉన్న జిరాక్స్ షాపులో రెండు కాలమ్స్‌లో వేయించుకో. ఆ ఇచ్చిన ప్రింటర్‌ని పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే రిజిస్టర్‌కి వాడు, పుస్తకం నంబరు, సభ్యుడి నంబరు, తేదీ. అంకెలే కాబట్టి లెక్కల మోడ్ అద్భుతంగా సరిపోతుంది.

అంబత్తూరు_అక్క

ఆ ఆలోచన బాగుంది బాబాయ్ గారూ. రిజిస్టర్ ఇప్పటిదాకా చేత్తోనే రాస్తున్నాం. అలాగే చేస్తాను, థాంక్యూ.

టీనగర్_డిస్ట్రిబ్యూటర్

అందరూ కోడ్ల గురించి మాట్లాడుతున్నారు, నా సమస్య ఇంకా ముందే ఆగిపోయింది. మాది కొత్త కంప్యూటర్, ప్రింటర్ యుఎస్‌బి కేబుల్‌తో పెట్టాం, ఎల్‌పిటి1 అనేదే లేదు. ప్రోగ్రామ్ తయారుచేసిన ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి ప్రింట్ కొడితే కండెన్స్‌డ్ రాలేదు, పెద్ద అక్షరాలతో మెల్లగా బరబరా గీసుకుంటూ వచ్చింది, పైన చిన్న గళ్లు పడ్డాయి. సాయంత్రానికి డెలివరీ లిస్టు ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.

గోడౌన్‌వీధి_లెక్కలు

నోట్‌ప్యాడ్ నుంచి కొట్టకూడదండి. అది కోడ్లని కోడ్లుగా పంపదు, అక్షరాలనుకుని డ్రైవర్‌కి ఇస్తుంది, డ్రైవర్ మొత్తం పేజీని బొమ్మగా మారుస్తుంది, అందుకే ఆ మెల్లదనం. ఫైల్ ఉన్నది ఉన్నట్టు ప్రింటర్‌కి చేరాలి.

ఇలా చేయండి. ప్రింటర్ ప్రాపర్టీస్‌లో షేరింగ్ ఆన్ చేసి చిన్న పేరు పెట్టండి, ఖాళీలు లేకుండా. తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌లో నెట్ యూజ్ కమాండ్‌తో ఎల్‌పిటి1ని ఆ షేర్ పేరుకి కలపండి, పర్సిస్టెంట్ యెస్ అని కూడా ఇస్తే రేపు మళ్లీ చేయక్కర్లేదు. ఆ తర్వాత కాపీ కమాండ్‌కి స్లాష్ బి ఇచ్చి ఫైల్‌ని ఎల్‌పిటి1కి కాపీ చేయండి. స్లాష్ బి మర్చిపోవద్దు, అది లేకపోతే ఫైల్‌లో 26 అనే బైటు ఎక్కడ వస్తే అక్కడే ఫైల్ అయిపోయిందనుకుని ఆపేస్తుంది. ప్రోగ్రామ్‌తో పాటు ఈ రెండు కమాండ్లు ఉన్న బ్యాచ్ ఫైల్ కూడా జత చేశాను, లోపల షేర్ పేరు మార్చుకుంటే చాలు.

లైనక్స్ వాళ్లు ఎల్‌పి కమాండ్‌కి రా ఆప్షన్ ఇస్తే సరిపోతుంది. పాత డాస్ ప్యాకేజీలు ఉన్నవాళ్లు 64 బిట్ విండోస్‌లో అవి నడవవు కాబట్టి కొత్త విండోస్‌లో డాస్ ప్రోగ్రామ్‌లని నడిపే విడాస్ గానీ డాస్‌బాక్స్-ఎక్స్ గానీ వాడండి, రెండిట్లోనూ ప్రింటు ఫైల్‌లోకి తీసుకోవచ్చు, ఆ ఫైల్‌ని దీనికి ఇవ్వండి.

టీనగర్_డిస్ట్రిబ్యూటర్

వచ్చింది సార్! నాలుగు కాగితాల్లో లిస్టు మొత్తం. బండి డ్రైవర్ చేతికి ఇచ్చేశాను. ఒక్క డౌటు, రూపాయి గుర్తు ఉన్నచోట ఆర్, ఎస్ అని పడింది, అది మీరే చేశారా?

గోడౌన్‌వీధి_లెక్కలు

అవునండి. రూపాయి గుర్తు 2010లో వచ్చింది, ఈ ప్రింటర్ల పట్టికల్లో అది లేదు. వదిలేస్తే మూడు పిచ్చి గుర్తులు పడి ఆ లైన్ అంకెలన్నీ కుడివైపు జరిగిపోతాయి. ఆ రెండక్షరాలు పెట్టి, పక్కనున్న ఖాళీల్లోంచి ఒకటి తీసేస్తాను, కాలమ్ కదలదు.

పిన్ను_మెకానిక్

ఇంకొన్ని సంగతులు రాస్తాను, ప్రోగ్రామ్‌కి సంబంధించినవి కావు, కానీ కుదించి ప్రింట్ చేసేటప్పుడు ఇవి చూసుకోకపోతే ఎంత మంచి ప్రోగ్రామైనా చెడ్డపేరు వస్తుంది.

హెడ్ పక్కన కాగితం మందానికి ఒక లివర్ ఉంటుంది. కార్బన్ కాపీల కోసం ఎవరో దాన్ని వెనక్కి జరుపుతారు, తర్వాత ఒంటి కాగితం పెట్టినా అక్కడే వదిలేస్తారు. హెడ్ దూరంగా ఉండి చుక్క పలచగా పడుతుంది. మామూలు అక్షరాల్లో తెలియదు, అంగుళానికి 20 అక్షరాల్లో వెంటనే తెలుస్తుంది. ఒంటి కాగితానికి లివర్ ముందుకి తెచ్చుకోండి.

నిలువు గీతలు వంకరగా, ఒక లైన్ ఇటు ఒక లైన్ అటు పడుతుంటే హెడ్ రెండు దిక్కులా కొట్టడంలో తేడా వచ్చిందని అర్థం. 27 85 1 పంపితే ఒక్క దిక్కునే కొడుతుంది, గీతలు తిన్నగా వస్తాయి, టైము మాత్రం పెరుగుతుంది. గళ్ల రిపోర్టులకి అది ఆప్షన్‌గా పెట్టండి అన్నా.

పాత ప్రింటర్లు కొన్నిట్లో 27 77 తర్వాత 15 పంపినా 20 రాదు, 12 దగ్గరే ఆగిపోతుంది. అలాంటివాటిలో జంట మోడ్ వేస్తే లైను పట్టక కిందికి విరుగుతుంది. వాళ్లు 17తోనే సరిపెట్టుకోవాలి, 137 అక్షరాల్లో 66 చొప్పున రెండు కాలమ్స్.

ఇక కార్బన్ కాపీలు. రెండో కాపీ వరకు లెక్కల మోడ్ చదవగలం, మూడో కాపీలో చుక్కలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. నేను కస్టమర్లకి చెప్పేది ఒకటే, ముందు 3838 5656 0808 అని ఒక లైన్ వేసి, అడుగు కాపీ తీసి, రోజూ దాన్ని చదవాల్సిన మనిషికి ఇవ్వండి. ఆయన తడుముకోకుండా చదివితే ఆ మోడ్ వాడండి, లేకపోతే వద్దు. మనం కొట్లో ట్యూబులైటు కింద చూసి బాగుందనుకోవడం కాదు.

మాధవరం_లారీ

మెకానిక్ గారూ, మీరు చెప్పిన 3838 లైన్ మా ఆఫీసులో వేశాను. పార్టీ కాపీ, డ్రైవర్ కాపీ, ఆఫీసు కాపీ మూడుంటాయి మాకు. డ్రైవర్ కాపీ అడుగున వస్తుంది, రాత్రిపూట చెక్‌పోస్టులో టార్చి వెలుగులో చూపించాల్సింది అదే. కుదించిన అక్షరాల్లో అది చదవడానికి లేదు. కాబట్టి ఎల్‌ఆర్‌లు పాత పద్ధతిలోనే, అంగుళానికి 10 అక్షరాలే ఉంచేశాం.

రోజు చివర వేసే ఎల్‌ఆర్ లిస్టు మాత్రం మార్చాం. పిన్నుల ఆప్షన్ 24 ఇచ్చాక జారడం పోయింది. అయినా సగం ఎత్తు వద్దనుకుని, 8 లైన్ల మీదే 15x12 కాగితంలో మూడు కాలమ్స్ వేయాలని చూస్తున్నాను. మీ ప్రోగ్రామ్‌లో రెండు కాలమ్సే ఉన్నాయి. మూడు చేయగలరా?

గోడౌన్‌వీధి_లెక్కలు

తప్పకుండా. 136 కాలమ్ ప్రింటర్ మీద అంగుళానికి 17 అక్షరాల్లో లైనుకి 233 పడతాయి. 75 అక్షరాల కాలమ్స్ మూడు, మధ్యలో నాలుగేసి ఖాళీలు రెండు, లెక్క సరిగ్గా 233. అంగుళానికి 20కి పోవాల్సిన అవసరమే లేదు, అంకెలు కాస్త వెడల్పుగా ఉంటాయి. పేజీకి 270 లైన్లు, అంటే సగం ఎత్తు మోడ్‌లో చిన్న కాగితం మీద ఎన్ని పడతాయో దాదాపు అన్నీ మామూలు ఎత్తులోనే పడతాయి. మీ లిస్టు లైను 75 దాటకుండా ఉంటే విరగడం కూడా ఉండదు.

మాధవరం_లారీ

లైను 72. సరిపోతుంది.

చిక్కపేట_కోడు

ఇంకో మాట. మా నాన్నగారు కాలమ్స్ చూసి అడ్డంగా చదవడం మొదలుపెట్టారు, ఎడమ కాలమ్ లైన్, దాని పక్కన కుడి కాలమ్ లైన్ ఒకే పద్దు అనుకుని. మధ్యలో నాలుగు ఖాళీల బదులు ఒక నిలువు గీత వేస్తే ఆ పొరపాటు జరగదు. గీతల పట్టికకి ఎలాగూ మారుతున్నాం.

గోడౌన్‌వీధి_లెక్కలు

ఇది నాకు తట్టలేదు, చాలా మంచి సూచన. రెండు ఖాళీలు, గీత, ఒక ఖాళీ, అలా పెడితే వెడల్పు మారదు. 8 లైన్ల మోడ్లలో గీత అతుక్కుని పైనుంచి కింది దాకా ఒకటే వస్తుంది, బాబాయ్ గారు చెప్పినట్టు.

కొత్త ఫైల్ మొదటి పోస్టులోనే పెట్టాను, పాతది తీసేశాను. మూడు కాలమ్స్, మధ్య గీత, ఒక్క దిక్కున కొట్టే ఆప్షన్, 17లో 66 చొప్పున రెండు కాలమ్స్, అన్నీ అందులో ఉన్నాయి. ఇకనుంచి మోడ్ ఏదీ చెప్పకపోతే లెక్కల మోడ్‌లోనే వేస్తుంది. టెస్ట్ అని ఇస్తే 3838 5656 0808 లైన్‌ని మూడు మోడ్లలోనూ ఒకే కాగితం మీద వేసి చూపిస్తుంది, మెకానిక్ అన్న మాట మీద పెట్టాను. 24 పిన్నులవాళ్లు పిన్నుల ఆప్షన్ ఇవ్వడం మాత్రం మర్చిపోకండి.

పిన్ను_మెకానిక్

టెస్ట్ కాగితం వేశాను. కొట్లో బల్ల మీద అతికించాను, వచ్చినవాళ్లకి అదే చూపించి ఏది కావాలో అడుగుతున్నాను. హెచ్‌పి లేజర్ మీద ఇది నడుస్తుందా అని ఒకరు అడిగారు, ఏం చెప్పమంటారు?

గోడౌన్‌వీధి_లెక్కలు

నడవదు అన్నా, ఆ కోడ్లు వేరు. లేజర్ ఉన్నవాళ్లకి ఎ2పిఎస్, ఎన్‌స్క్రిప్ట్ అని ఉన్నాయి, అవి పోస్ట్‌స్క్రిప్ట్‌లో రెండు పేజీలు పక్కపక్కన చక్కగా పేరుస్తాయి. వాటిని వాడుకోమనండి.